కాయకాయా విడిగా కనపడాలి

మా ఆవిడ మూకుట్లో ఎండుమిరపకాయలు వేయిస్తోంది. ఘాటు వంటింట్లోంచి హాల్లోకి వచ్చి గొంతు పట్టుకుంది. వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాను. "అక్కడ కూర్చుని తుమ్మే బదులు ఆ కిటికీ తియ్యొచ్చుగా!" అని లోపలి నుంచి కేక. కిటికీ తీశాను. ఎవరేమనుకున్నా నాకు ఆ ఘాటంటే ఇష్టం. అది ముక్కుకి తగిలితే చాలు, గుంటూరులో ఓ కెమెరా షాపు, అద్దాల బల్ల మీద మిరపకాయలు పోసి, చుట్టూ జనం దగ్గి చస్తున్నా కదలకుండా నిలబడ్డ రాజ్యలక్ష్మి గారు గుర్తొస్తారు.

ఆవిడ మీకు తెలియదు. మా వీధి దాటితే గుంటూరులోనే చాలామందికి తెలియదు. రెండు వేల దశకం సగం దాటిన రోజుల్లో నేనక్కడ ఓ ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. నా అద్దె గది మేడ మీద, ఆవిడ ఫొటో స్టూడియో కింద. భర్త పోయినప్పుడు స్టూడియో మూసేయమని అయినవాళ్లంతా చెబితే, "ఆయన పోయారు గానీ కెమెరా పోలేదుగా" అని తనే ఆ పని అందుకున్న మనిషి. నోరు పెద్దది. గడ్డం దించమంటే దించని పెళ్లికొడుకుని మామగారి ఎదుటే కసిరేవారు. నేను పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి. ఆవిడ నన్ను "ఒరేయ్ మాష్టారూ" అనేవారు.

నా పాత రీలు కెమెరాతో తీసిన మొదటి రోలు కడిగించి చూపిస్తే, ప్రింట్లన్నీ పేకముక్కల్లా బల్ల మీద పరిచారు. "కొండలు తీశావు, మబ్బులు తీశావు, గేదె తోక కూడా తీశావు. ఒక్క మొహం లేదేంట్రా? మనుషులంటే భయమా?" అన్నారు. భయమే. వద్దంటారేమోనని ఎవరి దగ్గరికీ వెళ్లేవాణ్ణి కాదు. అది నేనెవరికీ చెప్పలేదు, ఆవిడ ఇట్టే పట్టేశారు. ఆ తరవాత ప్రతి ఆదివారం నన్ను స్టూడియోలో కూర్చోబెట్టి, ఫొటో కోసం వచ్చినవాళ్లతో కబుర్లు చెప్పించేవారు. కెమెరా ముట్టుకోనిచ్చేవారు కాదు. లెక్కల మాష్టారికి ఇదేం ఖర్మరా బాబూ అని లోపల విసుక్కునేవాణ్ణి.

అలా ఉండగా ఓ రోజు పొదిలి దగ్గర మా ఊరి నుంచి నాన్న ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఇదే ఆఖరి మిరప తోట. మోకాళ్లు మాట వినటంలేదు. వచ్చే ఏడు చేను కౌలుకిచ్చేస్తున్నా." మామూలుగానే చెప్పాడు. నా చదువంతా ఆ మిరపకాయలతోనే నడిచింది. అయినా కాయలు ఆరబోసే కల్లంలో మా నాన్న ఉన్న ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుపోయినవే. నా రీలు కెమెరా అప్పటికే మొరాయిస్తోంది. ఆరబోసిన కాయలు బస్తాలకెక్కడానికి ఎంత లేదన్నా రెండు వారాలు. ఆలోపు కెమెరా కొనాలి, ఫొటోలు తీయాలి. ఇప్పుడు తప్పితే మళ్లీ పంట లేదు.

కొంటే డిజిటల్ ఎస్సెల్లారే కొనాలని పట్టుబట్టాను. మెగాపిక్సెళ్లు ఎన్ని ఉంటే అంత మంచిదని, అప్పు చేసైనా పెద్దదే కొనమని కాలేజీలో తోటి లెక్చరర్లు ఎక్కించారు. నేనూ ఎక్కాను. పిన్నిగారికి చెబితే, "తీయబోయేది మిరపకాయలేగా? ఓ అరకిలో పట్టుకురా. తాలుకాయలు కూడా నాలుగు కలుపు" అన్నారు. తాలు అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయ. బస్తాలో అది కనపడితే రైతుకి రేటు పడిపోతుంది. ఎందుకని అడిగే ధైర్యం లేక సంచీ పట్టుకుని వెంట నడిచాను.

షాపులో ఆవిడ పేపరు పరిచి కాయలన్నీ బల్ల మీద గుమ్మరించారు. "అమ్మా, ఇది కెమెరాల షాపమ్మా, కిరాణా కొట్టు కాదు!" అని షాపతను లబోదిబోమన్నాడు.

"గుంటూర్లో కొట్టు పెట్టి మిరపకాయకి భయపడితే ఎలా నాయనా? ఆ ఖరీదైంది ఇటివ్వు. ఒరేయ్ మాష్టారూ, తియ్యి."

తీశాను. వెనక తెర మీద ఎర్రటి ముద్ద కనిపించింది. కుంకం ఒలకబోసినట్టుంది, అందులో కాయేదో తాలేదో తెలియదు. చవక కెమెరాతో తీశాను. అదే ముద్ద. అప్పటికి షాపంతా దగ్గుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, "ఎరుపు ఎక్కువైతే వీటికి కళ్లు బైర్లు కమ్ముతాయిరా. ఈమధ్య అద్దెకి తెచ్చిన డిజిటల్‌తో పెళ్లికూతుళ్ల ఎర్రచీరల దగ్గర నేను పడ్డ పాట్లే ఇవి. వెలుతురు తగ్గించు. ఆ మైనస్ వైపు తిప్పు. ఇంకాస్త" అన్నారు. తిప్పాను. రెండు కెమెరాల్లోనూ కాయలు విడివిడిగా తేలాయి. తొడిమలు, ముడతలు, నాలుగు తాలుకాయలు, అన్నీ.

"కాయకాయా విడిగా కనపడాలి. దానికి డబ్బు పోస్తే చాలదు, నీకు తిప్పటం తెలియాలి. చవకది తీసుకో. మిగిలిన దాంతో ఆ చిన్న లెన్స్ కొను, జూమ్ లేనిది. అప్పుడు మనిషి దగ్గరికి నడిచి వెళ్లక ఛస్తావా!"

ఆ శనివారమే ఊరెళ్లాను. కల్లంలో కాయలు ఏరుతున్న ఆడవాళ్లతో పాటు కూర్చుని, ఆదివారాల పాఠం గుర్తు చేసుకుని, నేనూ కబుర్లు చెబుతూ కాయలు కలియబెట్టాను. అంతా బాగానే ఉంది. అదే చేత్తో కెమెరా వెనక రబ్బరు తుడిచి, కన్ను ఆనించాను. ఇక చూసుకోండి! కుయ్యోమొర్రోమంటూ కల్లమంతా గెంతాను. రైతు బిడ్డని, మిరపకాయ చెయ్యి కంట్లో పెట్టకూడదని కూడా మరిచాను. "ఏరా, కాయ కొనేవాడు ఏడవాలి గానీ ఫొటో తీసేవాడు ఏడుస్తాడేంట్రా!" అని నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. ఏరేవాళ్లంతా పకపకా నవ్వారు. అమ్మ చన్నీళ్లు చల్లుతుంటే, రెండో కంటితో తీశాను. గొంతుక్కూర్చుని, దోసిట్లో కాయలతో, నోరంతా తెరిచి నవ్వుతున్న మా నాన్న.

ప్రింటు చూసి పిన్నిగారు లేచారు. వెళ్లి స్టూడియో ముందున్న అద్దాల అరలోంచి, ఏళ్ల తరబడి కొలువున్న ఓ పెళ్లిజంటను దింపి, మా నాన్నని పెట్టారు.

ఆఖరి బస్తాలతో నాన్న గుంటూరు మిర్చి యార్డుకి వచ్చాడు. తలపాగా కూడా విప్పకుండా నేరుగా స్టూడియో ముందుకొచ్చి నిలబడ్డాడు. దారినపోయే ఇద్దర్ని ఆపి, "దోసిట్లో ఆ కాయ చూడండి. ఒక్క తాలు లేదు. నా తోటదే" అంటున్నాడు. పిన్నిగారు బయటికొచ్చారు.

"కాయ మీదేనండీ అన్నయ్యగారూ, కాదన్నదెవరు? తీసినవాడు మాత్రం నా శిష్యుడు."

"వాడు నా కొడుకమ్మా!"

"అయితే అవనివ్వండి. ఫొటో దగ్గర నా శిష్యుడే."

శిష్యుడన్న మాట ఆవిడ నోట వినడం నాకదే మొదలు. రోడ్డు మీద ఇద్దరూ నాకోసం పోట్లాడుకుంటుంటే కళ్లనీళ్లు తిరిగాయి.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. నేను ఇప్పటికీ లెక్కలు చెప్పుకునే బతుకుతున్నాను. అయినా నా ఫొటోలు కొన్ని ఊరూరా ప్రదర్శనల్లో గోడలకెక్కాయి. అక్కడ ఎవరో ఒకరు అడుగుతారు, ఎక్కడ నేర్చుకున్నారండీ అని. రాజ్యలక్ష్మి గారి దగ్గర అంటాను. ఆవిడెవరు అంటారు. అదిగో, ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉంటాను.