సీరియల్‌లో చనిపోయిన ఓబులక్క

మా చిన్నప్పుడు సాయంత్రం సీరియల్ పాట మొదలయ్యేలోపే నాగమ్మవ్వ వచ్చి మా ఇంట్లో టీవీ ముందు కూర్చునేది. ఆ సీరియల్‌లో అత్త వేషం వేసేది ఆమె కూతురే మరి...

తెర మీద పేరు వేరే. జమ్మలమడుగులో మా వీధికి మాత్రం ఆమె ఓబులక్క.

సినిమాల్లోకి పోకముందు ఓబులక్క నాటకాల మనిషి. మా పక్క ఊళ్ళలో రైతులే రాజుల వేషాలు కట్టేవాళ్ళు. ఆడవేషానికి మాత్రం బయటినుంచి ఆర్టిస్టును పిలిపించుకునేవాళ్ళు. సింహాద్రిపురం, దువ్వూరు, కొండాపురం... ఎవరు పిలిచినా ఓబులక్క బస్సెక్కేది. రాజు పద్యం మరిచిపోతే, జనం కనిపెట్టకుండా తనే పక్కనుంచి అందించేదట.

ఒకసారి గండికోటలో సినిమా షూటింగ్ జరిగింది. శవం దగ్గర ఏడ్చేదానికి మనిషి కావాలన్నారు. ఓబులక్క ఏడ్చింది. డైరెక్టరు ఆపమన్నాక ఆమె ఆపింది కానీ, చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు ఆపలేదని మా అమ్మ చెప్పేది. ఆ ఏడుపే ఆమెను హైదరాబాదుకు తీసుకుపోయింది.

అక్కడ చాలా ఏళ్ళు చిన్న వేషాలే... పక్కింటావిడ, నర్సు, హాస్టల్ వార్డెన్, హీరో స్నేహితుడి తల్లి. "అదిగో ఓబులక్క!" అని మేము అరిచేలోపు సీను మారిపోయేది.

సీరియల్ వచ్చాకే ఆమె మొహం రోజూ కనిపించింది. కోడలిని రాచిరంపాన పెట్టే అత్త. మా పక్కింటి మాబున్ని పెద్దమ్మ చూస్తున్నంతసేపూ తిట్టేది. కన్నతల్లి పక్కనే ఉందన్న మొహమాటం కూడా లేదు.

"నాగమ్మత్తా, నీ కూతురికుండేది నాలిక కాదు, కొడవలి!"

"ఆ మాటలు రాసినోన్ని అడుగు పో," అనేది అవ్వ. ఆ గొంతులో కొంచెం గర్వం ఉండేది.

ఒకరోజు సీరియల్‌లో అత్త మెట్ల మీద నుంచి పడి చనిపోయింది. మాబున్ని పెద్దమ్మ చప్పట్లు కొట్టింది.

"పీడ పాయ! రేపు సేమ్యా పాయసం చేస్తా, అందరూ మా ఇంటికి రాండి."

అందరం నవ్వాం. అంతలో తెర మీద అత్త ఫొటో కనిపించింది. నొసట బొట్టు, మెడ చుట్టూ పూలదండ, ముందు దీపం...

నాగమ్మవ్వ లేచి నిలబడింది. ఓబులక్క ప్రొద్దుటూరు స్టూడియోలో తీయించుకున్న ఫొటో అది. అదే ఫొటో అవ్వ ఇంట్లో గోడకు ఉంది. మా దగ్గర బతికున్న మనిషి ఫొటోకు ఒక్క పువ్వు కూడా పెట్టరు. అవ్వ తన ఇంటికి పోయి తలుపేసుకుంది.

మరుసటి రోజు కూడా అన్నం ముట్టలేదు. మా నాయన ఫోన్ చేస్తే ఓబులక్క వచ్చింది. తల్లీ కూతుళ్ళు అరుగు మీద కూర్చుంటే వీధంతా చుట్టూ చేరింది.

"పాత ఫొటో ఉంటే ఇమ్మన్నారు, నేనే ఇచ్చినా. వేషమే కదమ్మా," అంది ఓబులక్క.

"వేషం చచ్చిపోతే నా బిడ్డ ఫొటోకు దండ యాల? ఇంక నువ్వు ఆడికి పోవద్దు."

"ఇంకో సీరియల్‌కు పిలిచినారమ్మా. రేపు పొద్దున అక్కడ లేకుంటే వేరేవాళ్ళను పెట్టుకుంటారు. ఈ వయసులో మళ్ళీ నన్నెవరు పిలుస్తారు?"

"పిలవకుంటే మానె. నువ్వు బతికుంటే చాలు."

తల్లి మాట కాదని పోయే మనిషి కాదు ఓబులక్క. తల వంచుకుని కూర్చుంది. మాబున్ని పెద్దమ్మ మెల్లగా ముందుకొచ్చింది.

"నేను నవ్వింది ఆ సీరియల్ దాన్ని చూసి నాగమ్మత్తా... మన ఓబులను చూసి కాదు. అల్లా తోడు."

అవ్వ ఆమె వైపు చూడలేదు. కూతురితోనే అంది.

"నాటకాల్లో నువ్వు శానాసార్లు చచ్చినావు. నేనేమన్నా అంటినా? కడాన మంగళం పాడేటప్పుడు చచ్చినోళ్ళు కూడా లేసి నిలబడేవాళ్ళు. హారతి తీసుకున్యాకనే రంగు కడుక్కునేది. ఈ టీవీలో నిన్ను ఎవరు లేపినారు?"

ఓబులక్క లేచి లోపలికి పోయింది. బయటికొచ్చేసరికి అదే సీరియల్ అత్త... పెద్ద బొట్టు, మందంగా కాటుక, పట్టుచీర. వచ్చి అరుగు మీద కళ్ళు మూసుకుని పడుకుంది. మా అమ్మ పళ్ళెంలో కర్పూరం తెచ్చింది. మాబున్ని పెద్దమ్మ అగ్గిపుల్ల గీసింది.

తీరా చూస్తే మంగళం పాట ఎవరికీ సరిగా రాదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కర్పూరం అయిపోవస్తోంది. ఇక లాభం లేదని ఓబులక్కే, పడుకున్న చోటి నుంచే, కళ్ళు తెరవకుండా పాట ఎత్తుకుంది.

"ఏందిమే ఓబులా, పీనుగు పాడతాందే!" అంది మాబున్ని పెద్దమ్మ.

ముందు నవ్వింది నాగమ్మవ్వే. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటూ హారతి ఇచ్చింది. ఓబులక్క లేచి నిలబడి హారతి కళ్ళకద్దుకుంది. అవ్వ కూతురిని పైనుంచి కింది దాకా చూసుకుంది.

"ఇంక రంగు కడుక్కో పో. బస్సుకు టైమైతాంది."

ఓబులక్క ఇప్పటికీ నటిస్తోంది. ఇప్పుడన్నీ నానమ్మ వేషాలు... మేమూ చూస్తాం, ఎవరి ఫోన్‌లో వాళ్ళం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. ఆమెను తిట్టేవాళ్ళు లేరు. ఆమె కోసం అలిగేవాళ్ళూ లేరు.

మీ వీధిలోంచి కూడా ఎవరైనా తెర మీదికి పోయే ఉంటారు... వాళ్ళు కనిపించగానే మీ ఇంట్లో ముందుగా అరిచింది ఎవరో రాయండి. చదవాలని ఉంది.