మార్కండేయ అడిగితే గుటకే జవాబు

ముదిగుబ్బలో గడ్డాలు గీసే మార్కండేయ చాలా నెమ్మదస్తుడు, కత్తి మెడ మీదికి వచ్చేదాకా. నురుగు పూసేటప్పుడు పలకడు. బుగ్గలు గీసేటప్పుడు పలకడు. గడ్డం పైకెత్తి, కుత్తుకకు కత్తి ఆనించాక మాత్రం, అప్పుడే గుర్తొచ్చినట్టు ఒక ప్రశ్న అడుగుతాడు.

అవునందామంటే నోరు కదలకూడదు. కాదందామంటే తల ఊగకూడదు. కుర్చీలో ఉన్నవాడు చేయగలిగింది ఒక్కటే, గుటక మింగడం. "ఒప్పుకున్యావు, సంతోషం" అని మార్కండేయ మిగతా మెడ నున్నగా గీసేస్తాడు. మౌనం అర్ధాంగీకారమని చెప్పి పెద్దలు సగంతో సరిపెట్టుకున్నారు. మిగతా సగం గుటకలో ఉందని కనిపెట్టినవాడు ఈయనే. పురాణంలో మార్కండేయుడు మెడకు పడిన యమపాశాన్ని తప్పించుకున్నాడు. ఈ మార్కండేయ దగ్గర తప్పించుకున్నవాడు లేడు.

బస్సు కండక్టరు తిప్పేష్ అలాగే ఒక గుటక మింగి, ఆపకూడని మలుపులో రోజూ బస్సు ఆపిస్తున్నాడు, కాలు లాగే ఒక ముసలామె కోసం. డ్రైవరు గొణిగితే, "ఒప్పుకున్యానో లేదో నాకే తెలీదన్నా, మెడ మింద కత్తి ఉండాది" అంటాడు. రిటైరైన యేసన్న సారు పదో తరగతి తప్పినవాళ్ళకు ఆదివారాలు లెక్కలు చెబుతున్నాడు. ఎప్పుడు ఒప్పుకున్నాడో ఆయనకూ అంతుపట్టదు.

ఇంకో చోటికి పోరాదా అంటారు. మెయిన్ రోడ్డులో ఏసీ సెలూను లేకపోలేదు. అక్కడ మెషీను పెడితే మెడ జొన్న కోసిన చేనులా కొయ్యకాళ్ళతో మిగులుతుంది. మార్కండేయ గీసిన మెడ మీద ఈగ వాలినా జారిపడుతుంది.

ఇదంతా బాగా తెలిసిన రైతు కుళ్ళాయప్పకు ఆ ఏడు పెద్ద చిక్కు వచ్చింది. నలభై రోజులుగా వాన లేదు. అతని బోరులో నీళ్ళున్నాయి. గట్టుకు అవతల తమ్ముడు ఎర్రన్న వేరుశనగ, సరిగ్గా ఊడలు నేలలోకి దిగే వేళకు, వాడిపోతోంది. ఒక్క తడి పడితే కాయ నిలుస్తుంది. కానీ అన్నదమ్ములకు మూడేళ్ళుగా మాటల్లేవు. జాతరలో కోసిన పొట్టేలు తలకాయ పెద్దవాని ఇంటికి పోవాలి. మూడేళ్ళ కిందటి జాతరలో అది ఎర్రన్న ఇంటికి పోయింది. ఇంతకంటే చిన్న కారణాలకు రాజ్యాలు కూలాయి, చరిత్ర తిరగేసినవాళ్ళకు కొత్త కాదు. ఆ కోపంలో కుళ్ళాయప్ప టీ అంగడి దగ్గర పదిమందిలో అనేశాడు: "నా బోరు నీళ్ళు వాని చేన్లో పారితే నా మీసం తీసేస్తా."

"గట్టు మింద నిలబడి ఏం చూస్తాండావు?" అని అడిగింది భార్య సుబ్బరత్నమ్మ.

"మబ్బు."

"మబ్బు పైన ఉంటాది. నువ్వు కింద తమ్ముని చేను చూస్తాండావు. పోయి మోటరు వెయ్."

"మీసం?"

"ఎండిన చెట్టు మళ్ళ రాదు. మీసం వస్తాది."

మర్నాడు పొద్దున్నే కుళ్ళాయప్ప మార్కండేయ కుర్చీలో కూర్చున్నాడు.

"నిన్ననే గీసినా కదన్నా."

"బుగ్గలు బాగుండాయి. మెడే గరగరంటాంది. కత్తి బాగా ఆనించు."

మార్కండేయ అతని మెడ తడిమి చూశాడు. అద్దంలా ఉంది. నురుగు పూశాడు. కత్తిని తోలుపట్టా మీద నాలుగుసార్లు నూరి, కుత్తుకకు ఆనించాడు. కుళ్ళాయప్ప కళ్ళు మూసుకుని ప్రశ్న కోసం కాచుకున్నాడు.

ప్రశ్న రాలేదు.

కత్తి ఎడమ పక్క దిగింది, కుడి పక్క దిగింది. కుళ్ళాయప్పకు అంతా అయోమయం. మరిచిపోయినాడా? మీసం మాట విని భయపడినాడా? నా మెడ ప్రశ్నకు కూడా పనికిరాకుండా పోయిందా? గీత గీతకూ ఎర్రన్న చేనులో ఒక్కో సాలు ఎండిపోతున్నట్టుంది. ఇంకో రెండు గీతలైతే మెడ అయిపోతుంది. తట్టుకోలేక గట్టిగా గుటక మింగాడు.

మార్కండేయ కత్తి ఎత్తాడు. "ఏమన్నా, నేనేమీ అడగలేదే. దేనికి ఒప్పుకుంటాండావు?"

"నాకేం తెలుసప్పా? కత్తి నీది. అడగాల్సిందీ నువ్వే."

మార్కండేయ కత్తి మళ్ళీ ఆనించాడు. "ఎర్రన్న చేనికి ఒక తడా, రెండు తళ్ళా?"

రెండు గుటకలు పడ్డాయి.

మార్కండేయ మెట్టు మీదికి వచ్చి, ఎదురుగా ఉన్న టీ అంగడి వైపు కేకేశాడు. "వినండప్పా, కుళ్ళాయప్పన్న మెడ మింద కత్తి పెట్టి ఒప్పించినా. ఎర్రన్న చేనికి రెండు తళ్ళు."

"మరి మీసం?" అన్నాడొకడు.

"ఆయప్ప యాడ ఇచ్చినాడు? నీళ్ళు ఇప్పించింది నా కత్తి. దానికి మీసముంటే చూపించు, ఇప్పుడే తీసేస్తా."

నురుగు మెడతో కూర్చున్న కుళ్ళాయప్పకు అప్పుడు వెలిగింది. తిప్పేష్‌కు ఆ మలుపులో బస్సు ఆపాలని ముందునుంచే ఉండేదేమో. యేసన్న సారుకు ఆదివారం తోచదని ఊరంతటికీ తెలుసు. చేయాలని ఉండి, చేస్తే తగ్గినట్టవుతుందని ఆగిపోయేవాళ్ళకు నింద వేయడానికి ఒకటి కావాలి. ఆ నింద ఇరవై ఏళ్ళుగా ఈ కత్తి మోస్తోంది.

"మరి ఇయ్యాల మొదట్లోనే ఎందుకు అడగలేదు?"

మార్కండేయ అతని మెడకు పటిక రుద్దుతూ అన్నాడు. "నిన్న గీసిన మెడను మళ్ళ మోసుకోని వచ్చినోన్ని ఇంగేం అడగాలన్నా?"

రెండు తళ్ళూ పారాయి. ఒక పొద్దున కుళ్ళాయప్ప టీ అంగడి బల్ల మీద మీసం దువ్వుకుంటూ ఉండగా, ఎర్రన్న వచ్చి మార్కండేయ కుర్చీ ఎక్కాడు. నురుగు పడింది. బుగ్గలు అయ్యాయి. కత్తి కుత్తుకను చేరింది.

"ఎర్రన్నా, వచ్చే జాతరకు పొట్టేలు తలకాయ మీ యన్న ఇంటికి పంపుతావా?"

ఆ గుటక రోడ్డు దాటి టీ అంగడి దాకా వినబడింది.

"తలకాయలో నాలిక వాన్నే ఉంచుకోమను" అని కుళ్ళాయప్ప టీ గ్లాసులోకి గొణిగాడు.