నాకు నవ్వు రాని బొమ్మల సినిమా

బొమ్మల సినిమా ముందు నేను నిలకడగా కూర్చోలేను. చిన్నప్పుడు కూర్చోలేదు, ఒక బిడ్డకు తండ్రినయ్యాక కూడా కూర్చోలేదు. దీన్ని గొప్పగా చెప్పుకోవడం లేదు. నాకు తెలిసిన చదువుకున్నవాళ్లు కొందరు అవి పిల్లల ఆటలని తీసిపారేసేవాళ్లు. నాది ఆ బాపతు కాదు. హాలంతా నవ్వుతున్నప్పుడు నవ్వు రాని మనిషికి ఎటు చూడాలో తెలియదు. అంతే.

మొదటిసారి చూసినప్పుడు నాకు తొమ్మిదేళ్లు ఉంటాయి. యాభైల మొదట్లో, వానలు వరసగా తప్పిన కాలం. మా ఊరు ముదిగుబ్బకు రెండు మైళ్లు. ఆ ఏడు ఊళ్లో తెల్లవారగానే జరిగే మొదటి పని పడిపోయిన ఎద్దుల్ని లేపడం. మేత లేక బక్కచిక్కిన ఎద్దు రాత్రి పడుకుంటే పొద్దున తనంతట తాను లేవలేదు. అలాగే వదిలేస్తే మధ్యాహ్నానికి ఇక లేవనే లేవదు. అందుకని మగవాళ్లు పదిమంది కలిసి కొట్టం కొట్టం తిరిగేవాళ్లు. కడుపు కింద గోనెపట్ట దూర్చి అటు నలుగురు, ఇటు నలుగురు పట్టుకునేవాళ్లు. ఒకరు తోక, ఒకరు కొమ్ములు. ఒక్కసారిగా ఎత్తేవాళ్లు. లేచిన ఎద్దును వెంటనే వదలకూడదు. కాళ్లలోకి నెత్తురు దిగేదాకా భుజాలు ఆనించి నిలబడాలి. మావంటి పిల్లలు దాని తొడలు రుద్దాలి. లేపడానికి వచ్చినవాళ్లు ఆ ఇంట్లో తాగడానికి నీళ్లు అడిగేవాళ్లు కాదు. అడిగితే, నీళ్లు లేవని చెప్పడం ఆ ఇంటివాళ్లకు కష్టం.

మా ఎర్ర ఎద్దును అలా లేపుతున్న రోజుల్లోనే ముదిగుబ్బలో డేరా సినిమా వేశారు. నాయన వాళ్లకు డేరా తాళ్లు పేని ఇచ్చాడు. దానికి బదులుగా మమ్మల్ని టిక్కెట్టు లేకుండా లోపలికి వదిలారు.

అసలు సినిమాకు ముందు, జనం సర్దుకునేదాకా, ఒక బొమ్మల రీలు నడిపారు. ఒక లావుపాటి మనిషి, ఒక గుర్రం. గుర్రం దారికి అడ్డంగా పడుకుంటుంది. మనిషి దాన్ని లేపాలి. భుజం పెడతాడు, తోక పట్టి లాగుతాడు, కడుపు కింద దుంగ దూరుస్తాడు. గుర్రం లేచినట్టే లేచి అతని మీద పడుతుంది. అతను అప్పడంలా పలచనైపోతాడు, మళ్లీ ఉబ్బి లేస్తాడు.

డేరాలో అందరికంటే ఎక్కువ నవ్వింది మా ఊరివాళ్లే. ఆ పొద్దున గోనెపట్ట పట్టినవాళ్లందరూ అక్కడ ఉన్నారు.

"ఒగడే యాడ లేపుతాడప్పా? మనల్ని పిలిచింటే లేపేటోళ్లం కదా," అన్నాడు ఒకాయన.

"పిలిచేకి వానికి తెలుగు రావాల గదన్నా," అన్నాడు పక్కనున్నాయన.

మా నాయన కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. నేను లేచి బయటికి పోయాను. ఆయన వెనకాలే వచ్చాడు.

"ఏమిరా, కడుపు నొస్తాందా?"

"మన ఎద్దు ఆడ అట్ల ఉంటే, నీకు నవ్వెట్ల వస్తాంది?"

ఆయన డేరా వైపు ఒకసారి తిరిగి చూశాడు. తర్వాత, "అది బొమ్మరా," అన్నాడు. "రా, అసలుది వేస్తారు."

నేను పోలేదు. ఆయన పోయాడు. సినిమా అయిపోయేదాకా డేరా చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. నాలుగు రోజుల తర్వాత ఎద్దు లేవలేదు. నాయన మీద కోపం అంతకంటే చాలా ఎక్కువ రోజులు ఉండింది.

ఆ ఎద్దు వల్లే బొమ్మల సినిమాలు నాకు పట్టకుండా పోయాయని చెప్తే బాగా కుదురుతుంది. అంత బాగా కుదురుతుంది కాబట్టే నేను నమ్మను. ఆ గుర్రాన్ని చూసి నవ్విన పిల్లల ఇళ్లలోనూ ఎద్దులు పడ్డాయి. తర్వాత నేను చదువుకున్నాను, దొరికిన పుస్తకమల్లా చదివాను, కొత్తచెరువులో పంతులుగా చేరాను. పుస్తకాల్లో నవ్వు వచ్చేచోట నవ్వాను. తెర మీద చదునై మళ్లీ లేచేవాటి దగ్గర మాత్రం ఎప్పుడూ లేచి బయటికి పోవాలనిపించేది.

నా భార్య అలా కాదు. పాప చంటిబిడ్డగా ఉన్నప్పుడు అనంతపురంలో మా అక్క ఇంటికి పోయి, అలాంటి సినిమా ఒకటి చూశాం. చూశాం అనడం తప్పు. ఆమె చూసింది. నేను పది నిమిషాలకే బయటికి వచ్చి, ఆట వదిలేదాకా హాలు ముందు అటూ ఇటూ నడిచాను. ఇంటికి పోయే దారిలో ఆమె, "నీకు ఎన్నెన్నో తెలుసు. ఊరికే ఒక గంట కూర్చునేది మాత్రం తెలీదు," అంది. కోపంగా అనలేదు.

పాపకు ఆరేళ్లప్పుడు ఆమె పోయింది. రెండు వారాల జ్వరం.

మా ఇళ్లలో చావు జరిగితే ఏడాది తిరిగేదాకా మైల. పండగ చేయరు, పెళ్లికి పోరు, సినిమా మాటే ఎత్తరు. నేను అవన్నీ పట్టించుకునే మనిషిని కాను. కానీ ఆ ఏడాది ఆ మైల నాకు అనుకూలంగా ఉండింది. ఎవరింటికీ పోనక్కర్లేదు, ఎవరితోనూ కూర్చోనక్కర్లేదు. బడి కాగానే ఇంట్లో ఉండలేక బుక్కపట్నం దారిలో నడిచేవాణ్ణి. పాప నా వేలు పట్టుకుని, నా అడుగు అందుకోలేక మధ్యమధ్య పరుగెత్తేది. ఎక్కడికని అడిగేది కాదు. ఎవరైనా పాపను ఏ పేరంటానికో పిలిస్తే నేను "ఏడాది కాలేదు కదమ్మా" అనేవాణ్ణి. పాప పక్కనే నిలబడి వినేది.

ఏడో నెలలో, వేసవి సెలవులకు, అక్క మమ్మల్ని అనంతపురం పిలిపించుకుంది. అక్కడ ఒక హాల్లో ఆదివారం పొద్దుటి ఆటకు బొమ్మల సినిమా వచ్చింది. ఊళ్లో పిల్లలందరూ పోతున్నారు.

"పాపను పిల్చకపో," అంది అక్క.

"ఇంకా ఏడాది కాలేదు కదక్కా."

"నువ్వెప్పటి నుంచి మైల పట్టేవాడివైనావు? పిల్లోళ్లకు యాడిది మైల? ఆ బిడ్డ నోరు తెరిచి నవ్వి ఎన్నాళ్లయిందో చూసినావా?"

బావ పేపరు దించాడు. "కప్పల సినిమా అంట. ఏమప్పా పంతులూ, కప్పలతో కూడా తగాదానా నీకు? అవి నీ బడికి రావులే, ఫెయిలు చేసే పని లేదు."

పోయాం. బెంచీ టిక్కెట్లు తీశాను. ఒక కప్ప, దాని పెండ్లాం, నలుగురు పిల్లలు. మాటలు ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి హాల్లో ఎవరికీ అక్కర్లేదు. తెర నిండా నీళ్లు. ఒక కాలువ, దాని మీద పిండిమర చక్రం. తండ్రి కప్ప ఆ చక్రంలో చిక్కుకుని చదునై బయటపడి, దులుపుకుని లేచింది. పిల్లలు బెంచీలు ఎక్కి నవ్వారు.

పాప పెదవులు కదిలాయి. అంతలో తల తిప్పి నా ముఖం చూసింది. చూసి, అరచేత్తో నోరు మూసుకుంది.

నేను అది చూశాను. చూసి కూడా పట్టించుకోలేదు. "ఇప్పుడే వస్తా" అని బయటికి పోయాను. టీ తాగాను. లోపలికి వచ్చాను. కప్ప మళ్లీ పడింది. మళ్లీ బయటికి పోయాను. ఎండలో గోడ పక్కన నడిచి, ఏమీ తోచక ఇంకొక టీ తాగాను.

విశ్రాంతి వేళకు లోపలికి వస్తే, పాప పక్కన కూర్చున్న ఆమె అడిగింది. "ఏమన్నా, మీ పాపకు పన్ను నొస్తాందా? ఆట మొదలైనప్పటి నుంచి నోటి మీద చెయ్యి తీయలేదు."

పాప చెయ్యి అప్పటికీ అక్కడే ఉంది.

"పన్ను నొస్తాందా పాపా?"

తల అడ్డంగా ఊపింది. చెయ్యి కొంచెం తీసి, "నవ్వొస్తాంది," అంది.

"వస్తే నవ్వు."

"ఏడాది కాలేదు కదా. నువ్వు అందుకే కదా నాయనా బయటికి పోతాండావు. నేను కూడా వద్దామనుకుంటి. ఆ చిన్న కప్ప ఏమైందో చూసి వద్దామని కూర్చున్నా."

నేను సాకుగా వాడుకున్నదాన్ని ఆమె నియమంగా పట్టుకుంది. ఏడు నెలలుగా నా ముఖం చూసే, నవ్వాలో వద్దో తేల్చుకుంటోంది. ఇంకో అయిదు నెలలు అలాగే నవ్వు ఆపుకుంటే, ఆ తర్వాత నవ్వే రాదు, ఆపుకోవాల్సిన పని కూడా ఉండదు. మైల నీకు లేదని చెప్పవచ్చు. కానీ చెప్పి మళ్లీ నేను లేచి బయటికి పోతే ఆమె నమ్మదు. నిజం చెప్పడం తప్ప నాకు దారి కనిపించలేదు.

"నేను బయటికి పోతాండేది అమ్మ కోసం కాదు పాపా. అమ్మ ఉన్నప్పుడు కూడా ఇట్లే పోతాంటి."

"అబద్ధం."

"మీ అత్తను అడుగు. నాకు ఈ సినిమాలకు నవ్వు రాదు. చిన్నప్పటి నుంచీ రాదు."

"కప్ప చక్రంలో పడినా?"

"పడినా."

పాప నన్ను జాలిగా చూసింది. "అమ్మకు వచ్చేదా?"

"బాగా. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతాండె. నువ్వు ఆమె ఒళ్లో ఉన్నావు."

ఆమె పోయినాక ఆమె నవ్వు గురించి మాట్లాడడం అదే మొదటిసారి.

"నేను కూడా నవ్వినానా?"

"తెలీదు పాపా. నేను బయట ఉంటి."

ఆ జవాబు చెప్తున్నప్పుడే అది ఎంత పెద్ద నష్టమో నాకు తెలిసింది. పాప మాత్రం ఇంకేదో అడగబోయింది. దీపాలు ఆరిపోయాయి.

ఈసారి లేవకూడదనుకున్నాను. రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకున్నాను. తండ్రి కప్ప ఒక గంపతో సహా గట్టు మీద నుంచి జారింది. పాప తల తిప్పింది. అడిగే చూపు కాదు, పరీక్ష పెట్టే చూపు.

"ఇప్పుడొచ్చిందా?"

"లేదు."

గంప కప్ప నెత్తిన బోర్లా పడింది.

"ఇప్పుడు?"

"రాలేదు."

నాకు రాకపోవడమే ఆమెకు సినిమా కంటే తమాషాగా తోచినట్టుంది. నోరంతా తెరిచి నవ్వింది. పక్కనున్న ఆమె కూడా తిరిగి చూసింది. అప్పటి నుంచి పాప ఆగలేదు. నాకు మాత్రం తెర మీద ఏ కప్ప ఏదో తెలియడం లేదు, తలుపు ఎంత దూరంలో ఉందో తెలుస్తోంది. ఇంకా ఎంతసేపు ఉందో ఎవరినైనా అడగాలనిపించింది.

"నాయనా, కాలు ఆపు. బెంచీ ఊగుతాంది," అంది పాప.

ఆపాను. కాసేపటికి నాకు తెలియకుండానే మళ్లీ మొదలైంది. ఆమె తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా, నవ్వుతూనే, నా మోకాలి మీద చెయ్యి వేసి గట్టిగా అదిమి పట్టుకుంది.