బ్యాటరీని తింటున్నదెవరు?

స్నో కరగ్గానే బైక్ తీయడం నాకు అలవాటు. మిషిగన్‌లో మేముండే నోవైలో ఏడాదికి నాలుగైదు నెలలకంటే నడపలేని వస్తువుని ఎందుకు కొన్నావని అడగని స్నేహితుడు లేడు. పాత జపాన్ బండి, నా చేతికొచ్చేసరికే రెండు చేతులు మారింది. వారమంతా గరాజ్‌లో ఉంటుంది, వీకెండ్‌లో నేనూ అదీ కాసేపు తిరిగొస్తాం.

2015లో ఆ బండి నన్ను ఏడిపించింది. ఒక శనివారం కీ తిప్పగానే స్టార్టయ్యేది. ఇంకో శనివారం టిక్ అని కూడా అనేది కాదు, బ్యాటరీ చచ్చిపోయి ఉండేది. ఛార్జింగ్ పెడితే మళ్లీ మామూలే. కొత్త బ్యాటరీ వేశాను, అదీ అదే దారి పట్టింది. షాపులో ఇస్తే కొన్నాళ్లు ఉంచుకుని, బండి బాగానే ఉందని తిప్పి పంపారు. నాకు అమ్మినవాడిని, బండి చేసినవాడిని, మిషిగన్ చలిని వరసగా తిట్టుకున్నాను.

నిజానికి ఆ రోజుల్లో మా ఇంట్లో అసలు గొడవ బండి గురించి కాదు. మా ఆవిడది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. పెళ్లికి ముందు హైదరాబాద్‌లో, ఫ్యాక్టరీలకి కంట్రోల్ ప్యానెళ్లు తయారుచేసే చిన్న కంపెనీలో టెస్టింగ్ చేసేది. నా వెనకాల హెచ్-4 డిపెండెంట్ వీసా మీద అమెరికా వచ్చాక ఉద్యోగం చేసే వీల్లేకపోయింది. ఆ ఏడాది మాలాంటివాళ్ల భార్యలకి వర్క్ పర్మిట్ ఇస్తామని రూల్ మారింది. చుట్టూ అన్నీ కార్ల కంపెనీలే, వైరింగ్ టెస్ట్ చేసేవాళ్లు కావాలని రోజూ ప్రకటనలే. అప్లై చెయ్యమని నేను, చెయ్యనని ఆమె. ఇంత గ్యాప్ వచ్చాక తనకేమీ గుర్తులేదనీ, ఇంటర్వ్యూలో నవ్వులపాలవడం తప్ప ఇంకేం జరగదనీ అనేది. నాకు మెల్లగా మాట్లాడి ఒప్పించడం చేతకాదు. గొంతు లేస్తుంది. నా గొంతు లేవగానే ఆమె మాట ఆగిపోతుంది. ఆమె చదువంతా అలా మా మాటల మధ్యలో ఊరికే ముగిసిపోతుందేమోనని నాకు భయంగా ఉండేది.

ఒక శనివారం మధ్యాహ్నం బియ్యం తీసుకోవడానికి ఆమె గరాజ్‌లోకి వచ్చింది. నేను కొత్తగా కొన్న మల్టీమీటర్‌తో బండి దగ్గర కుస్తీ పడుతున్నాను. కరెంట్ ఎంత పోతోందో చూద్దామని మీటర్‌ని ఆంప్స్‌లో పెట్టి, రెండు తీగలూ బ్యాటరీ రెండు టెర్మినల్స్‌కీ ఆనించబోతున్నాను. ఆమె వచ్చి నా మణికట్టు పట్టుకుంది. అలా పెడితే మీటర్ కాలిపోతుందని మాత్రం చెప్పి, బియ్యం గిన్నె పక్కన పెట్టి, చున్నీ నడుముకి బిగించి, మీటర్ నా చేతిలోంచి తీసుకుంది.

ముందు బ్యాటరీ నెగటివ్ కేబుల్ ఊడదీసింది. ఆ కేబుల్‌కీ టెర్మినల్‌కీ మధ్యలో మీటర్ పెట్టింది, బండి తాగే కరెంట్ అంతా మీటర్‌లోంచే వెళ్లేలా. అంకె దాదాపు సున్నా. అయినా ఊరుకోలేదు, ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి, చూసి, మళ్లీ పెట్టింది. ఆ తర్వాత కేబుల్ బిగించి, ఇంజన్ ఆన్ చేయించి బ్యాటరీ మీద వోల్టేజ్ చూసింది. ఛార్జింగ్ కూడా బాగానే ఉంది. నేనేదో సలహా ఇవ్వబోతే వినిపించుకోలేదు. ఆమె వేళ్లకి తొందర లేదు, తడబాటు లేదు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషిని మొదటిసారి చూస్తున్నట్టు నోరు తెరుచుకుని నిలబడ్డాను. నాకు గర్వంగా ఉంది. నేను చేసిందేమీ లేకపోయినా గర్వంగానే ఉంది.

తర్వాత ఆమె బియ్యం బస్తా మీద కూర్చుని బండిని చాలాసేపు చూసింది.

"వైర్లో లీక్ ఉంటే ప్రతి వారం డౌన్ అవ్వాలి. ఇది ఒక వారం అవుతోంది, ఒక వారం అవట్లేదు. బండి అదే, బ్యాటరీ అదే. మారుతున్నది మీరేమో చూడాలి," అంది. "ఒక రౌండ్ వేసొచ్చి, ఎప్పుడూ ఎలా పెడతారో అలాగే పెట్టండి. నేనిక్కడ లేననుకోండి."

నాకు ఒళ్లు మండింది, కానీ వెళ్లాను. వీధి చుట్టి వచ్చి, బండి గోడ పక్కన ఆపి, హ్యాండిల్ ఎడమకి తిప్పి లాక్ చేశాను. పడిందో లేదోనని హ్యాండిల్ ఊపి చూశాను. నమ్మకం కుదరక కీని నొక్కి ఇంకోసారి గట్టిగా తిప్పి తీశాను. మందపాటి కవర్ కప్పాను.

ఆమె లేచి వచ్చి వెనకవైపు కవర్ ఎత్తింది. టెయిల్ లైట్ ఎర్రగా వెలుగుతోంది.

మన బళ్లకి హ్యాండిల్ లాక్‌తో తాళం కథ అయిపోతుంది, ఎంత గట్టిగా తిప్పినా అక్కడే ఆగుతుంది. ఈ బండికి లాక్ తర్వాత ఇంకో మెట్టు ఉంది. రాత్రి రోడ్డు పక్కన ఆపితే వెనకవాళ్లకి కనబడాలని, అక్కడ కీ తీసేసినా టెయిల్ లైట్ వెలుగుతూనే ఉంటుంది. నాకు అనుమానం వచ్చి రెండోసారి తిప్పిన వారమల్లా లైట్ ఆ కవర్ కింద వెలిగి వెలిగి బ్యాటరీని తినేసేది. నేను మళ్లీ కవర్ తీసేసరికి బ్యాటరీతోపాటు లైటూ ఆరిపోయి ఉండేది. షాపువాళ్లకి దొరకలేదంటే వాళ్ల తప్పేం లేదు. తలుపు మూసిన సొంత గరాజ్‌లో బండికి మళ్లీ తాళం వేసి, ఆ తాళాన్ని ఊపి చూసేవాడు ఉంటాడని ఇక్కడివాళ్లకి ఎలా తోస్తుంది? ఆమెకి తోచింది. హైదరాబాద్‌లో స్కూటీ నడిపిన రోజుల్లో తనూ ఊపి చూసిన మనిషే కదా.

నేను పగలబడి నవ్వాను. ఆమె కూడా నవ్వి నన్ను నాలుగు మాటలంటుందని చూశాను. అనలేదు. మళ్లీ కేబుల్ ఊడదీసి మీటర్ మధ్యలో పెట్టింది. కీ లాక్‌లో ఉన్నప్పుడు చూసింది, ఇంకో మెట్టు తిప్పి చూసింది. అంకె ఒక్కసారిగా అర ఆంపియర్ దాకా లేచింది. జవాబు దొరికాక మళ్లీ కొలవడం ఎందుకని అడగబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాను. కళ్లు తడిగా ఉన్నాయి.

"నాకింకా వచ్చు," అంది. నాతో అన్నట్టు లేదు.

నేను నెలల తరబడి గొంతు చించుకుని చెప్పినా నమ్మని సంగతి అది. నేను చెప్పానా అని నోటిదాకా వచ్చిన మాటని మింగేశాను. ఆమె మీటర్ ఆపి, తీగలు చుట్టి, చేతుల గ్రీజు తుడుచుకుంది.

"ఇక్కడ రెజ్యూమెలో ముందు ఎక్స్‌పీరియన్స్ రాస్తారా, చదువు రాస్తారా?" అని అడిగింది.