టైము రాస్తేనే క్యాష్ కడుత

తెలంగాణ వచ్చినంక మా డిపోల నాకు మక్తల్ బస్సు వేసిన్రు. అప్పటికే నేను ఆరేండ్ల కండక్టర్‌ను. పొద్దుగాల ఐదింటికి ఎక్కితే పగటీలి ఒంటిగంటకు దిగాలె. ఎనిమిది గంటల డ్యూటీ.

ఆ యేడు రోడ్డు వెడల్పు పనులు మొదలైనయి. తవ్విన జాగకాడ ఒక్కొక్క బండినే ఇడుస్తుండిరి. రోజూ మూడు దాటినంకనే డిపోకు చేరుతుంటిమి. ఎక్కువైన రెండు గంటలకు ఓటీ పైసలు రావాలె. కని డిపో గుమాస్త టికెట్ల లెక్క, టైము రాసే నా వేబిల్లు మీద మేం వచ్చిన టైము ఒంటిగంటనే రాస్తుండె.

నాలుగు నెలలు చూసి మేనేజర్ దగ్గరికి పోయిన.

"షెడ్యూల్ల ఎనిమిది గంటలే ఉందమ్మా. రోడ్డు ఆలస్యానికి మేమేం చేస్తం?" అన్నడు.

"గడియారంల మూడైతే కాయితంల ఒకటెట్లయితది సార్?"

"జల్దిగ ఇంటికి పోయి చేసేదేముంది? వంటనే గద!"

నాకు ఒళ్లు మండింది. "వంట చేసుకుంటనో పండుకుంటనో నా ఇష్టం సార్. గా రెండు గంటలు నేను బస్సుల నిలవడ్డ."

బయటికొస్తే మా డ్రైవరన్న మెల్లగ అన్నడు: "చెల్లె, నాకు ఇంకేడాదే నౌకరి ఉంది. నన్ను సాక్షం అడగకు." నేను అడగలే.

తెల్లారి మూడు దాటినంక వచ్చినం. గుమాస్త మళ్ల ఒంటిగంటనే వేసిండు. నేను క్యాష్ సంచి ఒళ్లె పెట్టుకొని కౌంటర్ ముంగట కూసున్న.

"టైము సక్కగ రాయి, కడుత."

గుమాస్త ఒర్లుతుంటే మేనేజర్ ఉరికొచ్చిండు. "సర్కారు పైసలు ఆపుతున్నవా? సస్పెండ్ అయితవ్!"

"ఎత్కపోతలేను సార్. ఈడనే కూసున్న. ఉన్నది రాయుండ్రి, కడుత."

నా ఎనుక లైన్ల ఉన్న కండక్టర్లు ఒక్కలు గూడ నన్ను లేవమనలే. గంతల డ్రైవరన్న వచ్చిండు. నా వేబిల్లు తీసుకున్నడు. "బండి తోలింది నేను. మూడు దాటింది" అని దాని మీదనే రాసి దస్కతు పెట్టిండు. గుమాస్త తలకాయ దించుకొని టైము దిద్దిండు. నేను లేచి క్యాష్ కట్టిన.

వారానికి నాకు మెమో వచ్చింది, పనికి అడ్డం పడ్డనని. బాపు మగ్గం దిగొచ్చి, కాయితం అటిటు తిప్పి చూసి, "నౌకరి పోతదా బిడ్డా?" అన్నడు.

"పోతే పోనీ బాపు. అబద్ధానికి తల ఊపను."

జవాబు రాసి, వేబిల్లు నకలు జత చేసి పంపిన. నౌకరి పోలే. ఆ నెల నుంచి మా అందరికీ వచ్చిన టైమే రాసిన్రు, ఓటీ వచ్చింది. నన్ను మాత్రం కొత్తకోట బస్సుకు మార్చిన్రు.

అంతకుముందటి నాలుగు నెలల ఓటీ ఇయ్యలే. ఒకనాడు గుమాస్త ఓ కాయితం తెచ్చిండు, నాకు రావాల్సిన పాత ఓటీ ఏం లేదని రాసింది.

"దస్కతు పెట్టక్కా, మెమో తీసేస్తరట."

"మెమో ఉండనీ," అని ఆ కాయితం ఆయన చేతిలనే పెట్టిన.