ఎర్రనీళ్ళ పంతులుగారు

మా పంతులుగారు పోయారు. కిందటి గురువారం పొద్దున ఆఫీసులో టైపు మిషనుకి రిబ్బను మారుస్తుంటే మస్తాను గుమ్మంలో నిలబడ్డాడు. ఎప్పుడూ గలగలా మాట్లాడుతూ లోపలికి వచ్చేసే మనిషి, ఆ రోజు చెప్పులు బయట విడిచి, తువ్వాలు చేతుల్లో నలుపుకుంటూ అక్కడే ఆగిపోయాడు. "పంతులుగారు వెళ్ళిపోయారమ్మా" అన్నాడు. నా వేళ్ళకంటిన సిరా చూసుకుంటూ కూర్చున్నాను.

పూజ ముగించి పడక్కుర్చీలో వాలారట. దీపం కొండెక్కిందేమో చూడమని భార్యని అడిగారట. ఆవిడ లోపలికి వెళ్ళి చూసి, ఎక్కిందని చెబుతూ బయటికి వచ్చేసరికి ఆయన లేరు. ఈ ఆరేళ్ళలో ఆ ప్రశ్న అడగకుండా ఆయన ఏ పూజా ముగించగా నేను చూడలేదు. ఆఖరి రోజున కూడా అడిగే వెళ్ళారన్నమాట.

ఆయన నాకు చుట్టం కాదు, మా ఇంటి పురోహితులూ కాదు. మా మున్సిపాలిటీలో అగ్నిరక్షణ సంఘం అని ఒకటుంది. ఫైరింజనుకి ఏం కావాలో చూడటం, మిల్లులూ గోడౌన్లూ తనిఖీ చెయ్యటం, జనానికి నిప్పు జాగ్రత్తలు నేర్పటం దాని పని. ఆ సంఘానికి నేను గుమాస్తాని, ఆయన సభ్యులు. పురోహితుడికి ఫైరు కమిటీలో ఏం పనండీ అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. అందులో నా తప్పు కూడా ఉంది, అదీ చెప్పుకోవాలి.

ఆరేళ్ళ కిందటి మాట. అప్పటికి మా సంఘం నెలకోసారి కూడి, టీ తాగి, మిరపకాయ బజ్జీలు తిని, నా చేత 'తీర్మానించడమైనది' అని రాయించుకుని లేచిపోయేది. చుట్టూ పత్తి, మిరప. ఎండాకాలం వస్తే ఊరంతా అగ్గిపెట్టెలా ఉంటుంది. అయినా మాకు చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు.

పత్తి సీజను మొదలయ్యే రోజున, గింజ తీసి దూది చేసే జిన్నింగు మిల్లుల్లో మిషన్లకి పూజ చేస్తారు. పసుపు, కుంకుమ, బంతిపూల దండలు అన్నీ అయ్యాక, బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, మిషను ముందు మూడుసార్లు తిప్పి, గడప దగ్గర పగలగొడతారు. చుట్టూ ఎటు చూసినా దూదే. ఇదేమి చోద్యమని ఒక్కరంటే ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. నేనూ అడగలేదు, రెండేళ్ళు ప్రసాదం తిని వచ్చాను. అసలు మా ఫైరాఫీసరు గారే ముందు వరసలో నిలబడి ఆ హారతి కళ్ళకద్దుకునేవారు.

ఆ ఏడు ఒక మిల్లులో పూజ అయ్యాక అందరూ షెడ్డు అవతల భోజనాలకి కూర్చున్నారు. పప్పు వడ్డించి గోంగూర అందుకునేలోగా లోపల దూది అంటుకుంది. మనుషులకేమీ కాలేదు, అదొక్కటే అదృష్టం. దూది నిప్పు మిగతా నిప్పుల్లాంటిది కాదు. పైన నల్లబడి చల్లారినట్టే ఉంటుంది, లోపల్లోపల తినేస్తూ పోతుంది. మూడు రోజులు నీళ్ళు కొడుతూనే ఉన్నారు.

కారణం మాత్రం మర్నాటికే దొరికింది. ఆ కారణం పేరు మస్తాను. ఆ మిల్లులో పత్తి కుక్కిన పెద్ద బస్తాలు, బోరేలు, మోసే హమాలీ. బీడీ తాగుతాడు. షెడ్డు గోడ వెనక బీడీ ముక్క దొరికింది. బీడీ తాగని హమాలీ మా ఊళ్ళో ఎవరున్నారని గానీ, ఆ గోడ వెనక రోజూ ఎన్ని ముక్కలు పడతాయని గానీ ఎవరూ అడగలేదు. యజమాని అతన్ని పనిలోంచి తీసేశాడు. సంఘం రిపోర్టులో కూడా పేరు ఎక్కిందంటే ఇక ఈ చుట్టుపక్కల ఏ మిల్లు గేటూ దాటనివ్వరు. ముగ్గురు పిల్లల తండ్రి. నేను కాదు మొర్రో అని చెప్పుకోవడానికి వచ్చి మా ఆఫీసు మెట్ల మీద కూర్చునేవాడు. ఛైర్మన్ గారు తీరిక లేదనేవారు. నేను అతని పక్కనుంచే పొద్దున ఎక్కేదాన్ని, సాయంత్రం దిగేదాన్ని.

రిపోర్టు ఛైర్మన్ గారు చెప్పారు, నేను టైపు కొట్టాను. 'కార్మికుడు మస్తాను నిర్లక్ష్యముగా పారవేసిన బీడీ వలన.' కార్బను పెట్టి మూడు కాపీలు. ఒక్క అక్షరం తప్పు పోలేదని మురిసిపోయాను కూడా. నా మొహానికి అదొకటి!

రిపోర్టు మీద సంతకాలు పెట్టే రోజున, మీటింగు మొదలయ్యాక, పిలవని పేరంటంలా పంతులుగారు వచ్చారు. ఆ మిల్లులో పూజ చేయించింది ఆయనే. అందరూ లేచి కుర్చీ వేశారు. ఆయన కూర్చోలేదు. రిపోర్టు అడిగి తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, మొదటి నుంచి చివరిదాకా చదివారు.

"ఇది ఎవరు రాశారమ్మా?"

"నేనేనండి."

"చూసి రాశావా తల్లీ, విని రాశావా?"

గొంతులో కోపం లేదు. తద్దినం ఏ తిథినాడో కనుక్కుంటున్నంత మామూలుగా అడిగారు. విని రాశానండి అన్నాను. నా చెవులు వేడెక్కిపోయాయి.

"అయితే కొట్టెయ్యి. నేను చూసింది చెబుతాను, అది రాసుకో."

నిలబడే చెప్పారు. గుమ్మడికాయ మీద పెట్టిన కర్పూరం బిళ్ళలు మూడు. మూడోసారి తిప్పుతుండగా ఒకటి జారి మిషను కాళ్ళ దగ్గర పడి, దూది పింజల్లోకి దొర్లింది. ఆయన చూశారు. మంట కనిపించలేదు. ముహూర్తం దాటిపోతోందని యజమాని తొందర పెడుతున్నాడు. ఆరిపోయిందిలే అనుకుని ముందుకు సాగిపోయారు. విస్తరి ముందు కూర్చోగానే కేకలు వినబడ్డాయి, ఆ క్షణమే తెలిసిపోయిందట.

మరి ఐదు రోజుల నుంచి ఏం చేస్తున్నారండీ అని ఛైర్మన్ గారు అడిగారు. పంతులుగారు దాచుకోలేదు. భయం వేసిందన్నారు. నా చేతి హారతి మిల్లు తగలబెట్టిందని తెలిస్తే రేపటినుంచి ఎవరు గడప తొక్కనిస్తారని భయపడ్డానన్నారు. "ఐదు రోజులు అతను మీ మెట్ల మీద కూర్చున్నాడు, నేను పీట మీద కూర్చున్నాను. ఇక కూర్చోలేకపోయాను" అన్నారు.

మీటింగుకి వచ్చి కూర్చున్న మిల్లు యజమాని మాత్రం వదలలేదు. తమరు పెద్దలు, తమరి చేతి కర్పూరం దేవుడిది, దేవుడి నిప్పు మిల్లు కాలుస్తుందా, బీడీ అనే ఉండనివ్వండి అని ఒకటే బతిమాలాడు.

"దేవుడి నిప్పో బీడీ నిప్పో దూదికేం తెలుసు నాయనా?" అన్నారు పంతులుగారు.

ఫైరాఫీసరు గారు టోపీ తీసి బల్ల మీద పెట్టి, ఆ హారతి నేనూ కళ్ళకద్దుకున్నాను, నా పేరు కూడా రాయమ్మా అన్నారు. నేను మూడు కాపీలూ చింపేసి కొత్త కాగితం ఎక్కించాను. ఈసారి బోలెడు తప్పులు పోయాయి. పంతులుగారు బయటికి వెళ్ళి, మస్తాను పక్కన, అదే మెట్టు మీద కూర్చున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. కిటికీలోంచి రెండు వీపులు కనిపించాయి, అంతే.

ఇంకో పది రోజులకి మస్తాను పనిలోకి వెళ్ళాడు. యజమానికి మనసు మారి కాదు, రిపోర్టు ముందు పెట్టుకుని ఇంకేం అనలేక. పంతులుగారికి మాత్రం ఆయన భయపడినంతా జరిగింది. ఆ ఏడు ఒక్క మిల్లు వాళ్ళూ పిలవలేదు. గృహప్రవేశాలకీ పెళ్ళిళ్ళకీ కూడా మొహం చాటేశారు. నిప్పు పంతులు అని వెనక నవ్వుకున్నారు. ఆ ఏడాదంతా తద్దినాలతోనే నెట్టుకొచ్చారు పాపం. ఒక్కసారి కూడా, అనవసరంగా చెప్పానే అన్న మాట ఆయన నోట నేను వినలేదు.

ఆయన్ని సంఘంలో వేసుకోవాలని పట్టుబట్టింది ఫైరాఫీసరు గారు. ఏళ్ళ తరబడి హెచ్చరిక బోర్డులు రాయిస్తున్నాను, పిల్లలు వాటి మీద వికెట్లు గీసుకుంటున్నారు, ఈయన చెబితే వింటారు అన్నారు. మరుసటి సీజనుకి ఆయన్ని వెంటబెట్టుకుని మిల్లు మిల్లుకీ తిరిగారు.

పూజ మానెయ్యమని పంతులుగారు ఎవరికీ చెప్పలేదు. దీపం, హారతి గేటు బయట. మిషను దగ్గరికి పసుపు, కుంకుమ, పూలు, కొబ్బరికాయ, ఆఖర్న ఎర్రనీళ్ళు. పసుపు నీళ్ళలో సున్నం కలిపి, పురిటి బిడ్డకీ కొత్త దంపతులకీ దిష్టి తీస్తామే, ఆ ఎర్రనీళ్ళే. గుమ్మడికాయ మీద కర్పూరం బదులు ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు తిప్పి బయట పారబొయ్యటం. ఇంత చిన్న సంగతి మా సంఘం బుర్రలకి అన్నేళ్ళు తట్టలేదు.

మిరపకాయల గోడౌనులో తొడిమలు తీసే ఆడవాళ్ళు మాత్రం ఒప్పుకోలేదు. నిప్పుల్లో మిరపకాయలు వేస్తేనే కదా దిష్టి ఉందో లేదో తెలిసేది, ఘాటు రాకపోతే దిష్టి ఉన్నట్టు అని వాళ్ళ వాదన. పసిబిడ్డకి పోయే దిష్టి మిరపకాయ బస్తాకి పోదా అని ఆయన అడిగారు. ఒకావిడ వినకుండా కుంపట్లో నాలుగు కాయలు వేసింది. ఘాటుకి గోడౌను గోడౌనంతా దగ్గుతూ బయటికి పరిగెత్తాం. పంతులుగారు ఉత్తరీయంతో కళ్ళు తుడుచుకుంటూ, "దిష్టి పోయిందమ్మా, ఇంకొంచెం ఉంటే మనమూ పోయేవాళ్ళం" అన్నారు. ఆ ఒక్క మాటతో ఆడవాళ్ళంతా ఆయన పక్షం అయిపోయారు. ఎర్రనీళ్ళ పంతులుగారు అన్న పేరు వాళ్ళు పెట్టిందే.

పిల్లలకి నిప్పు జాగ్రత్తలు చెప్పటానికి బడులకి వెళ్ళేటప్పుడు ఆయనకి వాహనం మస్తాను సైకిలు. వెనక క్యారియరు మీద గొడుగు పట్టుకుని పంతులుగారు, హ్యాండిలుకి చెరోవైపు నీళ్ళ బకెట్టు, ఇసక బకెట్టు, మస్తాను భుజం మీద తడి గోనెపట్టా. ఊరు చూసి నవ్వింది, తర్వాత అలవాటు పడింది. మిల్లుకి సెలవు రోజు వస్తే ఇద్దరూ తయారు. నిప్పు ఆరిందని ఎలా తెలుస్తుందర్రా అని ఆయన అడిగితే, మంట లేదండీ అని పిల్లలు అరిచేవారు. కంటిని నమ్మకండి, చెయ్యి పెట్టి చూడండి అనేవారు. చెయ్యి ఎలా పెట్టాలో, ఎంత దూరంలో, అరచెయ్యి కాదు వెనకవైపు అని, మస్తాను గోనెపట్టా కప్పి ఆర్పిన బూడిద దగ్గర చూపించేవారు. నిప్పు ఒంటరిగా నడవకూడదు, పక్కన నీళ్ళు నడవాలి అనటం ఆయనకి అలవాటు. ఎవరైనా హారతి పళ్ళెం పట్టుకుని కదిలితే చాలు, చెంబు ఏదీ అనేవారు.

నాకు ఆయన నేర్పింది ఇంకొకటి. ఆ రిపోర్టు తర్వాత నా మినిట్సు పుస్తకంలో ప్రతి పేజీకి నిలువు గీత గీసి రెండు గళ్ళు చేశాను. ఒకటి చూసినది, ఒకటి విన్నది. ఆఫీసులో అందరూ వేళాకోళం చేశారు. ఛైర్మన్లు మారారు, గీత మారలేదు. ఇది గొప్పకి చెప్పటం లేదు, సిగ్గుపడి నేర్చుకున్నాను. ఆ రోజు ఆయన నోరు విప్పకపోతే ఒక మనిషి బతుకు నా టైపు మిషను కింద నలిగిపోయేది. నాకు తెలిసేది కూడా కాదు. ఆ మాట ఆయనతో ఒక్కసారైనా పైకి చెప్పి దణ్ణం పెట్టుకోవాల్సింది. రేపు చెబుదాం, మాపు చెబుదాం అనుకుంటూ ఉండిపోయాను.

గురువారం మధ్యాహ్నం ఆయన్ని తీసుకెళ్ళారు. ముందు కొడుకు నిప్పు కుండ పట్టుకుని నడుస్తున్నాడు. శ్మశానానికి దారి మిల్లుల సందులోంచే. సీజను కదా, పత్తి బోరేల బళ్ళు రెండు వైపులా ఆగి ఉన్నాయి, దారంతా దూది రాలి ఉంది. నేను ఆడవాళ్ళతో పాటు సందు మొగ దాకా వచ్చి ఆగాను. అప్పుడు చూశాను. నిప్పు కుండ పక్కనే, కొడుకుతో సమానంగా మస్తాను నడుస్తున్నాడు. భుజం మీద తడి గోనెపట్టా, చేతిలో నిండు బకెట్టు. పెద్దాయన ఒకరు, ఇదేమిటయ్యా, శవయాత్రలో నీళ్ళ బకెట్టేమిటి, పక్కకి తప్పుకో అని కసిరారు.

కొడుకు ఆగాడు. "రానివ్వండి బాబాయిగారూ. నాన్నగారుంటే చెంబు ఏదిరా అని అడిగేవారు."

పెద్దాయనే పక్కకి తప్పుకున్నారు. కుండ ముందుకు కదిలింది, బకెట్టూ కదిలింది. మస్తాను ఏడుస్తూ నడుస్తున్నాడేమో, నీళ్ళు తొణికి సందు పొడుగునా దుమ్ములో ఒక గీత పడుతూ పోయింది. వాళ్ళు మలుపు తిరిగారు, బళ్ళు కదిలాయి, ఆడవాళ్ళు వెనక్కి మళ్ళారు. ఎండ మాడ్చేస్తోంది, ఈపాటికి ఇంకిపోయి ఉంటుందిలే అనుకున్నాను. అనుకుని ఊరుకోలేకపోయాను. వంగి చెయ్యి పెట్టి చూశాను. ఇంకా తడిగానే ఉంది.