నాన్న ఒప్పుకున్న ఆయిలు

మా ఇంట్లో అంతకుముందు ఎవరూ రోడ్డు మీద దూరప్రయాణం చేసినట్టు నాకు తెలియదు. మేము రైల్వే వాళ్ళం. మా తాత పని కోసం ఖరగ్‌పూర్ వచ్చింది రైల్లో, మా అమ్మ కాపురానికి వచ్చింది రైల్లో, నేను చదువుకని వెళ్ళిందీ తిరిగొచ్చిందీ రైల్లోనే. అందుకే సోంపేటలో ఉన్న మా మేనత్తను చూడ్డానికి ఈసారి కార్లో వెళదామని నేను అన్నప్పుడు, మా నాన్న చదువుతున్న పేపరు దించి, నాకు జ్వరం గానీ వచ్చిందేమో అన్నట్టు చూశాడు.

“పాసులుండగా కారేటి? హాయిగా పడుకుని ఎల్లీ దారి వదిలీసి, రోజంతా స్టీరింగ్ పట్టుకుని కూకుంటావా?”

“ఈ లైన్లో స్టేషన్ల పేర్లన్నీ వరసగా అప్పజెప్తావు కదా నాన్నా. వాటిల్లో ఎన్ని ఊళ్ళలో దిగినావు?” అని అడిగాను.

ఆయన వేళ్ళు మడుస్తూ మనసులో లెక్కపెట్టుకున్నాడు. బాలాసోర్, భద్రక్, కటక్, బాలుగావ్, బరంపురం. చివరికి ఒక్క ఖుర్దాలో మాత్రం దిగినట్టు తేలింది. అదీ ప్లాట్‌ఫారం మీద సీసాలో నీళ్ళు పట్టుకోవడానికి. మిగతా ఊళ్ళన్నీ ఆయనకు పసుపు బోర్డు మీద నల్లక్షరాలే.

“సరే, ఎల్దాం,” అన్నాడు కాసేపటికి. “గానీ బండి సంగతి నాను సూస్తాను.”

బండి అంటే అంతకు ముందు సంవత్సరం మా స్కూలు నుంచి బదిలీ అయి వెళ్ళిపోతున్న ఒక టీచరు దగ్గర నేను కొన్న చిన్న పెట్రోలు కారు. నేను అదే స్కూల్లో సైన్సు చెప్తాను. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని మా క్వార్టర్ నుంచి స్కూలుకీ, మలంచాలో కూరగాయలకీ తప్ప అది పెద్దగా తిరిగింది లేదు. మా ఆయన లోకో పైలట్. ఆయనకు సెలవు దొరకలేదు. అమ్మా నాన్నలను తీసుకుని నన్నే వెళ్ళిరమ్మన్నాడు.

మా నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేరి ముప్పైయేళ్ళకు పైగా డీజిల్ ఇంజన్ల మధ్యే బతికిన మనిషి. ఆ సాయంత్రమే బానెట్ ఎత్తించి, ఆయిలు ఎంతుందో చూసే కడ్డీ బయటికి లాగాడు. దాని చివర నుంచి ఒక బొట్టు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాడు. వాసన చూశాడు.

“నల్లబడిపోనాది. మార్చాలి. ఈసారి సిక్కటిది పొయ్యాలి. ట్వెంటీ డబ్ల్యూ ఫిఫ్టీ.”

మర్నాడు మలంచా రోడ్డు మీద మేం ఎప్పుడూ వెళ్ళే గ్యారేజ్‌కి వెళ్ళాం. అక్కడి మెకానిక్ దాదాకి యాభై ఏళ్ళుంటాయి. బెంగాలీ. వచ్చేవాళ్ళలో సగం మంది మన తెలుగువాళ్ళే కావడంతో మూడు భాషలు కలిపి ఒకే వాక్యంలో మాట్లాడతాడు. నాన్నను కాకూ అని, అంటే బాబాయ్ అని పిలుస్తాడు. నాన్న అడిగింది విని తల అడ్డంగా ఊపాడు.

“నహీ కాకూ, అది పురానా గాడీలకి. ఈ ఇంజన్‌కి పల్చా ఆయిల్ చాహియే. ఫైవ్ డబ్ల్యూ థర్టీ.”

“ఎండ సూసినావా దాదా? ఒరిస్సా రోడ్డు మీద ఆరు గంటలు నడిస్తే నీ పల్చటి ఆయిలు నీళ్ళయిపోతాది.”

“కిచ్ఛు హోబే నా కాకూ.” ఏమీ కాదని భరోసా ఇచ్చాడు.

“ఏటీ అవదని ఇక్కడ కూకుని ఎవులైనా అంతారు. బేరింగు పట్టీస్తే నువ్వొస్తావేటి భద్రక్‌కి?”

దాదా మొహం చిన్నబోయింది. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు. “దీదీ, మీరే చెప్పండి.” నాన్న కూడా నావైపే చూశాడు. ప్రతి సంవత్సరం ఎనిమిదో తరగతికి తేనె, నీళ్ళు చెరో గ్లాసులో పోసి ఏది ఎంత నెమ్మదిగా జారుతుందో చూపించే నాకు, నా కారులో ఏది పొయ్యాలో తెలియలేదు. రేపు చెప్తానని తప్పించుకున్నాను.

ఇంటికొచ్చాక సంగతి విని అమ్మ నవ్వింది. “వంట నూనె కొనడానికి నాను ఒక్క రోజూ ఇంత ఆలోచించలేదు.”

నాన్న నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే సైకిలేసుకుని వెళ్ళి, తను చెప్పిన చిక్కటి ఆయిలు డబ్బా కొనుక్కొచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. అది చూడగానే నాకు కోపం వచ్చింది.

“నన్నడక్కుండా ఎలగ తెచ్చీసినావు? కారు నాది కదా నాన్నా.”

ఆయన చెప్పులేసుకుని వరండాలోకి వెళ్ళి కూర్చున్నాడు. ఆ మాట నా నోటి నుంచి ఎలా వచ్చిందో నాకే అర్థం కాలేదు. అన్నాక వెనక్కి తీసుకోలేక వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ తోటకూర బాగు చేస్తోంది. నా మొహం వైపు చూడకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

నేను పుట్టక ముందు సంగతి. పెళ్ళయిన రెండో ఏట నాన్న ఒక స్నేహితుడి జీపు అడిగి తీసుకుని అమ్మకు దీఘాలో సముద్రం చూపిస్తానని తీసుకెళ్ళాడట. బయల్దేరే ముందు చూస్తే ఆయిలు తక్కువగా ఉంది. దుకాణం దాకా వెళ్ళడానికి బద్ధకించి, ఇంట్లో ఉన్న పల్చటి మెషీన్ ఆయిలు పోసేశాడు. దారిలో ఎగ్రా అనే ఊరు దాటాక ఇంజన్ రోట్లో రాళ్ళు రుబ్బుతున్నట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. లోపల బిగుసుకుపోయింది.

“ఆ పక్కనే ఒక ఇంటోలు మమ్మల్ని కూకోబెట్టినారు. అన్నం, సేపల పులుసు పెట్టినారు. సముద్రం సూడలేదు గానీ నాకు ఆ రోజు బాగానే ఉంది. మీ నాన్నకి మాత్రం ముద్ద దిగలేదు. ఆ స్నేహితుడు ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుణ్ణు. మీ నాన్న మూడు నెలలు ప్రతి ఆదివారం ఆ జీపు కింద పడుకుని, ఇంజన్ విప్పి బాగుసేసి ఇచ్చినారు. ఆ తరవాత ఎవుల బండీ అడగలేదు.”

నేను లేచి కారు దగ్గరికి వెళ్ళాను. ముందు సీటు ఎదురుగా ఉండే చిన్న అరలో పాత రసీదుల కింద, ప్లాస్టిక్ కవరు కూడా విప్పని పుస్తకం ఒకటుంది. కారుతో పాటు కంపెనీ ఇచ్చేది. ఏడాదిగా నేను దాన్ని ముట్టుకోలేదు. తెచ్చి నాన్న పక్కన కూర్చున్నాను.

“నాన్నా, ఇందాక అలగ అనకూడదు. తప్పయిపోయింది. ఇదుగో, ఇందులో ఏటుందో ఇద్దరం చూద్దాం.”

ఆయన పుస్తకం అందుకుని అట్ట మీద వేలితో రాసి చూశాడు. “కంపెనీ బుక్కా? ఇన్నాళ్ళూ ఇదుందని సెప్పవేటి?”

వర్క్‌షాప్‌లో పనిచేసిన వాళ్ళకు తయారు చేసినవాడి పుస్తకం అంటే ఎంత గౌరవమో నేను ఆ మధ్యాహ్నం చూశాను. కళ్ళజోడు తుడుచుకుని, చెవి మీద పెన్సిల్ పెట్టుకుని, నాన్న ఆయిలు గురించిన నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాడు. ఒక బొమ్మలో బయటి వేడికి ఏ ఆయిలు వాడాలో గీతలు గీసి ఉన్నాయి. వాటిలో ఒక గీత మన ఎండలన్నీ దాటి ఇంకా పైకి వెళ్ళింది. దాని పక్కన ఉన్నది దాదా చెప్పిన ఆయిలే. నాన్న కొన్నది ఆ బొమ్మలో ఎక్కడా లేదు.

“ఈ డబ్ల్యూ అంటే వెయిటే కదా?”

“కాదు నాన్నా, వింటర్. మొదటి అంకె చల్లగా ఉన్నప్పుడు ఎంత తేలిగ్గా పారుతుందో చెప్తుంది. రెండోది ఇంజన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలబడుతుందో చెప్తుంది.”

“మనకి వింటర్ ఎక్కడిది?” అని నవ్వాడు. మళ్ళీ పేజీలోకి చూశాడు. “బయట ఎండెక్కువైతే ఇంజన్ లోపల కూడా అంత ఎక్కువవుతాదా?”

“అవదు. రేడియేటర్ నీళ్ళు దాన్ని ఇంచుమించు ఒకే వేడిలో ఉంచుతాయి. నీకు తెలీదేటి?”

“తెలుసు. తెలిసీ ఆలోచించలేదు.” పెన్సిల్ తీసి పుస్తకం మార్జిన్‌లో ఏదో గీయబోయి మానేశాడు. “ఈ ఇంజన్లలో సందులు సన్నగా ఉంటాయి. సిక్కటిది పోస్తే పైదాకా ఎక్కడానికి టైము పడతాది. స్టార్ట్ సేసిన ప్రతిసారీ ఆ కాస్సేపూ పైన ఎండుగా తిరుగుతాది. దాదా సెప్పిందే రైటు.”

వీధిలో టోటో అనే బ్యాటరీ రిక్షా ఒకటి గంట కొట్టుకుంటూ వెళ్ళింది.

“దీఘా సంగతి మీ అమ్మ సెప్పీసిందా?”

“చెప్పింది.”

“పల్చటిది పోసి పాడుసేసినాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ ఇంజన్‌ది కానిది పోసినాను. తప్పు అక్కడుంది.” ఆ మాట అనేసి ఆయన తేలికపడ్డట్టు కనిపించాడు. అమ్మను కేకేసి టీ అడిగాడు.

మర్నాడు నాన్న సైకిల్ హ్యాండిల్‌కి డబ్బా తగిలించుకుని దుకాణంలో వెనక్కి ఇచ్చేసి, అక్కడి నుంచి గ్యారేజ్‌కి వచ్చాడు. నేను కారు తీసుకుని అప్పటికే అక్కడున్నాను. నాన్న సైకిల్ స్టాండ్ వేసి, దాదా ముందు నిలబడి, “ఆమార్ భూల్ హోయేఛే, దాదా,” అన్నాడు. పొరపాటు నాదే అని. చుట్టూ ఇంకో ముగ్గురు కస్టమర్లున్నారు. ఆయన గొంతు తగ్గించలేదు.

దాదా కంగారుపడి గ్రీజు చేతులతోనే నాన్న రెండు చేతులూ పట్టుకున్నాడు. “అరే కాకూ, ఏటి మాటలు ఇవి! రండి, చా తాగండి.”

టీ తాగాక ఇద్దరూ కలిసి పని మొదలుపెట్టారు. పాత ఆయిలు వేడిగా ఉండగానే పూర్తిగా కారిపోవాలని నాన్న ఇంజన్ కాసేపు నడిపించమన్నాడు. దాదా సరేనన్నాడు. ఫిల్టర్ కొత్తది. కింద బోల్టుకి వాషరు కూడా కొత్తది వెయ్యమంటే, దాదా డబ్బాలో వెతికి సరైనది తీశాడు. చివర్లో బోల్టు బిగించే స్పానర్ తనే నాన్న చేతికిచ్చి, “కాకూ, ఆప్ కరియే,” అన్నాడు. డెబ్బై దాటిన మా నాన్న కారు కింద ఉన్న గోతిలోకి దిగి, రెండు పట్లు పట్టి, చాలని అక్కడితో ఆపాడు. పైకొచ్చేటప్పటికి ఆయన చొక్కా మీద నల్లటి మరకలున్నాయి. రిటైరయ్యాక ఆయన్ను అంత హుషారుగా నేను చూడలేదు.

వారం తరవాత తెల్లవారుతూనే బయల్దేరాం. అదే ఆయిలు ఇంకో లీటరు డబ్బా తువ్వాలులో చుట్టి నాన్న కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. ఆయన ఒక్క షరతు పెట్టాడు. ప్రతి రెండు గంటలకూ చదునైన చోట ఆగాలి, ఇంజన్ ఆపి పది నిమిషాలు కూర్చోవాలి, అప్పుడు కడ్డీ తీసి చూడాలి. మొదట నాకు విసుగొచ్చింది. ఇలా అయితే ఎప్పటికి చేరతామని సణిగాను. కానీ ఆ పది నిమిషాలే మా ప్రయాణమైపోయాయి. బాలాసోర్ దాటాక ఒక ధాబా ముందు అమ్మ ఇంటి నుంచి తెచ్చిన చపాతీలు తిన్నాం. భద్రక్ దగ్గర ఒక ముసలాయన దగ్గర తాటిముంజెలు కొన్నాం. అక్కడే ఒక ఒడియా లారీ డ్రైవరు దిగి వచ్చి, బండికేమైందని అడిగాడు. ఏమీ కాలేదని, ఊరికే ఆయిలు చూస్తున్నానని నాన్న ఒడియాలో చెప్పాడు. డ్రైవరు కూడా కడ్డీ అందుకుని ఎండలో పెట్టి చూసి, బాగుందని తలూపాడు. తరవాత ఇద్దరూ అతని లారీ బానెట్ కింద పావుగంట తల దూర్చి మాట్లాడుకున్నారు.

ఖుర్దా దాటాక పట్టాల మీది రోడ్డు వంతెన ఎక్కినప్పుడు కింద నుంచి మెయిల్ రైలొకటి వెళ్ళింది. నాన్న ఆపమన్నాడు. నేను వంతెన దిగి పక్కకు తీసి ఆపేటప్పటికి ఆఖరి బోగీలు పోతున్నాయి. అయినా ఆయన దిగి నిలబడి చూశాడు.

“బయట నుంచి ఇలగుంటాదన్నమాట,” అన్నాడు అమ్మతో. “మనం లోపల కూకుని పోతావుంటే ఎవులో ఒకరు ఇలగే నిలబడి సూసుంటారు.”

“సూసే ఉంటారు,” అంది అమ్మ.

సాయంత్రానికి బాలుగావ్ చేరి, చిలికా సరస్సుకు దగ్గర్లో ఒక లాడ్జిలో దిగాం. పీతల కూర తెప్పించుకున్నాం. తినే ముందు నాన్న ఒకసారి కారు దగ్గరికి వెళ్ళొచ్చి, ఆయిలు వెంట్రుకవాసి కూడా దిగలేదని చెప్పి, లొట్టలేసుకుంటూ తిన్నాడు.

రెండో రోజు పొద్దున కూడా ఒకసారి కడ్డీ చూశాడు. బరంపురం దాటాక, మళ్ళీ ఆగాల్సిన సమయానికి, నేను పక్క సీటు వైపు చూశాను. నాన్న తల వెనక్కి వాల్చి, నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతున్నాడు. లేపనా అన్నట్టు అద్దంలో అమ్మ వైపు చూశాను. వద్దని చెయ్యి ఊపింది. ఇంజన్ చప్పుడు ఒకే తీరుగా ఉంది. ఇచ్ఛాపురం బోర్డు తెలుగులో కనిపించే దాకా ఆయన లేవలేదు. లేచాక కూడా ఎందుకు ఆగలేదని అడగలేదు.

మధ్యాహ్నానికి మా అత్త ఇంటి ముందు ఆగాం. ఆవిడ నాన్న కన్నా ఆరేళ్ళు పెద్దది. స్టేషన్‌కి మనిషిని పంపాలా అని ఫోన్లో మూడుసార్లు అడిగిందావిడ. ఇప్పుడు గుమ్మంలోకి వచ్చి, మమ్మల్ని చూడకుండా ముందు కారును చూసింది.

“ఇందులోనేటి, అంత దూరం నుంచి?”

“ఇందులోనే అక్కా. సుక్క ఆయిలు తాగలేదు,” అన్నాడు నాన్న గర్వంగా.

ఆవిడకు ఆయిలు గొడవ పట్టలేదు. కాళ్ళు కడుక్కుని మేం ఇంకా కూర్చోక ముందే, జీడితోట ఎలా ఉందో చూడక ఆర్నెల్లయిందని, మోకాళ్ళు సహకరించడం లేదని చెప్పింది. అన్నాలయ్యాక ఆవిడ్ని తీసుకెళ్తానన్నాను.

“నాను ముందు సీట్లో కూకుంటాను,” అంది వెంటనే. “తమ్ముణ్ణి ఎనక్కి కూకోమను.”

నాన్న వెనక్కి వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాడు. అత్త చీర కుచ్చిళ్ళు సర్దుకుని, నేను బెల్టు పెట్టబోతే తనే లాక్కుని పెట్టుకుని, కిటికీ మొత్తం దింపమంది. ఊరంతా తనను చూడాలని, మెల్లగా పోనివ్వమంది.